ఎలుగుబంటి తిన్న దెబ్బలు

జూలై 4

మామయ్యకి,

నీ మోకాలు ఎలా ఉందని అడగను. అడిగితే రెండు పేజీలు దాని మీదే రాస్తావు. ఫోన్ చేద్దామంటే నీ రెండు చెవులూ సినిమా ఫైట్లకి ధారపోశావు. నేను అరిచి మాట్లాడితే ఈ గదిలో పడుకున్న ఐదుగురూ లేచి నన్ను తంతారు. అసలే తన్నించుకోవడం నా ఉద్యోగమైపోయింది, ఇంట్లో కూడా ఎందుకని ఉత్తరం రాస్తున్నాను.

ఇందులోది అమ్మతో అనకు. హోటల్లో యానిమేటర్ ఉద్యోగం, సెలవులకొచ్చిన వాళ్ళని ఆడించి నవ్వించడం అని చెప్పి వచ్చాను. అది అబద్ధమేం కాదు. పొద్దున్నే ఈతకొలనులో నడుంలోతు నీళ్ళలో నిలబడి పెద్దవాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడిస్తాను. తర్వాత రింగులాట. మధ్యాహ్నం పిల్లల మొహాలకి పులిచారలు వెయ్యడం. సీజన్ కదా, హోటల్ కిటకిటలాడిపోతోంది, అన్నం నిలబడే తింటున్నాను. ఇంతవరకూ సుఖమే. అసలు గొడవ సాయంత్రం ఎలుగుబంటి తొడుక్కున్నాక మొదలవుతుంది.

ఒళ్ళంతా దుప్పటంత మందం బొచ్చు. తలకాయ ఫైబర్‌ది, నా తలకి రెండింతలుంటుంది. దాని నోటికి కుట్టిన నల్లజాలీలోంచి చూడాలి. పక్కన ఎవరున్నారో కనపడదు. లోపల నాకంటే ముందు దీన్ని తొడుక్కున్న వాళ్ళందరి చెమటా నిలవుంది. పిల్లల ముందు మాట్లాడకూడదు, తల తియ్యకూడదు. తీస్తే ఆ రోజే ఇంటికి. చెయ్యి పట్టుకుని నడిపించడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. మనుషులు చాలక ఆ మనిషిని తీసుకెళ్ళి వంటశాలలో పడేశారు.

మొహం కనపడకపోతే జనం ఇంతలా కొడతారని నాకు తెలీదు మామయ్యా. వెనకనించి తంతారు. తోక పట్టుకుని ఈడుస్తారు. నిన్న ఒక పెద్దమనిషి ఫోటో అని మెడ చుట్టూ చెయ్యేసి పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు, లోపల మెత్తగా ఉంటుందో గట్టిగా ఉంటుందో చూశాట్ట. ఆయన పిల్లలు పడీపడీ నవ్వారు. నేను ఊపిరందక చేతులూపాను.

వీళ్ళంతా ఒక ఎత్తు, మిరపకాయ ఒక ఎత్తు. ఆ పేరు నేను పెట్టిందే. ఏడేళ్ళుంటాయి, ఎర్ర ఈతబట్టలు, పుల్లలాంటి కాళ్ళు. అమ్మానాన్నలతో నెలంతా ఉండటానికొచ్చింది. మిగతా పిల్లలు వెళ్ళేదాకా ఆగి, నన్ను స్తంభం వెనక్కి తీసుకెళ్ళి కొడుతుంది. ముద్దుకి కొట్టడం కాదు, చావగొడుతుంది. నా పక్కటెముకల దగ్గర ఇప్పుడు నీలంగా కమిలి ఉంది, అటువైపు తిరిగి పడుకోలేకపోతున్నాను. దెబ్బలు తినడంలో నీ అంత అనుభవం మన వంశంలో ఎవరికీ లేదు కాబట్టి అడుగుతున్నాను, కాస్త తక్కువ తగిలేలా తినడం ఎలా?

నీ మేనకోడలు

&nbsp;

జూలై 9

ఒసేయ్ కోడలు పిల్లా,

మోకాలు బాగాలేదు. అడక్కపోయినా చెబుతాను.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. ఆవిడ ఏడ్చింది, నేను నవ్వాను, ఆవిడ గరిటె విసిరింది, నేను తప్పుకున్నాను. ఒడుపు ఇంకా పోలేదు చూశావా.

ఇక పాఠం. దెబ్బ వస్తుంటే వెనక్కి పోకు, దానికి ఎదురుగా కాస్త జరుగు. వెనక్కి పోతే ఎదుటివాడి చెయ్యి పూర్తిగా చాచుకుని బలం పుంజుకుంటుంది. తగిలే ముందు ఊపిరి వదిలేసి పొట్ట బిగించు. పడక తప్పకపోతే పిర్ర మీద పడు, మోచెయ్యి ఆనించావంటే నా చెయ్యిలాగే జన్మంతా వంకరగా ఉంటుంది.

దెబ్బలు తినడం ఒక్కటే నేర్పితే నేనేం ఫైట్ మాస్టర్ని? మా రోజుల్లో ఒక హీరో ఉండేవాడు. కెమెరా తిరగ్గానే నిజంగానే గుద్దేవాడు. నా ముందు పన్ను ఆయన ఉంగరానికే పోయింది. నోరంతా రక్తం, ఆయనేమో "బాగా వచ్చింది, ఇంకోటి తీద్దాం" అన్నాడు. ఎవరికి చెప్పుకుంటాం, ఎద్దు పుండు కాకికి నొప్పా? మర్నాడు కౌగిలించుకునే సీను. నా బూటు మడమ ఆయన బొటనవేలి మీద పెట్టి ఒంటి బరువంతా దింపాను, మొహం మీద నవ్వు చెదరకుండా. గోరు ఊడి వచ్చింది. ఆ తర్వాత నన్ను ముట్టుకుంటే ఒట్టు.

కుక్క కాటుకి చెప్పుదెబ్బ. డబ్బున్న ఇంటి పిల్ల అయ్యుంటుంది, గారం ఎక్కువై నెత్తికెక్కింది. నీ పంజా కింద ఆ చిన్న కాలు పెట్టి ఒక్క నొక్కు నొక్కు. ఎవరికీ కనపడదు. ఎలుగుబంటి మీద ఎవరే కేసు పెట్టేది?

ఉంటా, మళ్ళీ గరిటె చప్పుడు వినిపిస్తోంది. నాకే వినిపించిందంటే దగ్గరికొచ్చేసినట్టే.

మామయ్య

&nbsp;

జూలై 10

మామయ్యకి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను. ఈరోజు వేలు వాచిపోయింది, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

మిరపకాయ కొట్టే పద్ధతి నీకు చెప్పలేదు కదా, విను. నా పంజా పట్టుకుని స్తంభం వెనక్కి నడిపిస్తుంది, చూసేవాళ్ళకి ముద్దొచ్చేలా. అక్కడికెళ్ళాక నా మెడ దగ్గర బొచ్చు సవరిస్తుంది. "ఇలా రా బంగారం" అంటుంది, ఎంత మెత్తగా అంటుందో. నేను వంగుతాను. వంగగానే పక్కటెముకల కింద గుద్దు. తర్వాత పంజాలో నా వేలెక్కడుందో వెతికి పట్టుకుని వెనక్కి విరుస్తుంది. మెడ వెనక కుట్టు పల్చగా ఉన్నచోట గోళ్ళు దించి మెలిపెడుతుంది. మొహం జోలికి మాత్రం రాదు. ఇన్నాళ్ళలో తల మీద ఒక్కటి కూడా వెయ్యలేదు. అంతా అయ్యాక "ఇప్పుడు నవ్వు, అందరూ చూస్తున్నారు" అంటుంది. ఎలుగుబంటి నోరు ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది కదా, అది చూసి తృప్తిపడి నన్ను వెనక్కి తీసుకొస్తుంది.

ఎంత గడుసుదో చూడు. ఇంకో వింత, బొమ్మలకి రంగులు వేసేటప్పుడు కుడిచెయ్యి, నన్ను కొట్టేటప్పుడు మాత్రం ఎడంచెయ్యి.

టీమ్ లీడర్‌కి చెప్పాను. "ఏడేళ్ళ పిల్ల కొట్టిందని చెప్పుకోడానికి సిగ్గులేదా? అతిథుల పిల్ల, ఓర్చుకో" అన్నాడు. పిల్ల నాన్న చూస్తే భారీ మనిషి, ఆయన గుసగుసలాడినా రెండంతస్తులకి వినిపిస్తుంది. నిన్న పళ్ళెం ఆలస్యమైందని వెయిటర్ కాలర్ పట్టుకుని గోడకి నొక్కాడు. తల్లి మాత్రం మహా మర్యాదస్తురాలు. రోజూ నాకు చల్లటి నీళ్ళసీసా పంపిస్తుంది, "మా అమ్మాయితో ఎంతో ఓపిగ్గా ఉంటున్నారు" అని. అలాంటి తల్లికి ఇలాంటి పిల్ల ఎలా పుట్టిందో.

నీ మేనకోడలు

&nbsp;

జూలై 15

అమ్మడూ,

నా కిందటి ఉత్తరం అందగానే చింపెయ్. చదివేసి ఉంటే మర్చిపో. ఆ పిల్ల కాలు ముట్టుకోకు.

ఇన్నేళ్ళు దెబ్బలు తిన్నవాణ్ణి, మొదటే అడగొద్దా, ఎక్కడ కొట్టింది, ఎలా కొట్టింది అని? నోటి దురద ఆగలేదు. పిల్లలు కొట్టే కొట్టుడు నాకు తెలుసు. కళ్ళు మూసుకుని చేతులు గిరగిరా తిప్పుతారు, కొరుకుతారు, రక్కుతారు, చేతికందింది విసురుతారు. మచ్చ కనపడని చోటు చూసుకుని కొట్టడం పిల్లలకి రాదు. మాకే అది అలవాటు కావడానికి ఏళ్ళు పట్టింది. మెడ సవరించి, మెత్తగా పిలిచి, వంగాక గుద్ది, ఆఖర్న నవ్వమనడం ఆ పిల్ల బుర్రలో పుట్టింది కాదు. ఎవరో రోజూ దాని ఒంటి మీద చేస్తున్నారు. అది తీసుకొచ్చి నీకు చేస్తోంది. నోరు లేనిదానివి నువ్వొక్కదానివే దొరికావు దానికి.

ఎడంచెయ్యి అని రాశావు. పిల్లది కుడిచేతివాటం, కొట్టేది మాత్రం ఎడంచేత్తో. అంటే కొట్టేవాడిది ఎడంచేతివాటం, అది చూసింది చూసినట్టు దించేస్తోంది. ఆ నాన్న వెయిటర్ కాలర్ ఏ చేత్తో పట్టుకున్నాడో గుర్తు తెచ్చుకో. తేలాక ఏం చెయ్యాలో నేను చెప్పక్కర్లేదు, మా అక్క కడుపున పుట్టినదానివి.

ఇది ఇప్పుడే డబ్బాలో వేస్తాను. ఉంటాను.

మామయ్య

&nbsp;

జూలై 15

మామయ్యకి,

నీ మొదటి ఉత్తరం నిన్న వచ్చింది. నిన్న సాయంత్రమే నువ్వు చెప్పినట్టు చేశాను.

స్తంభం వెనక నా వేలు వెతుక్కుంటోంది. నేను కాలు జరిపి దాని కాలి మీద పెట్టి బరువు దింపాను. నీ దగ్గర దాచడమెందుకు, ప్రాణానికి హాయిగా అనిపించింది. కమిలిన చోట్లన్నీ ఒక్కసారి చల్లబడ్డాయి. ఇంకొంచెం నొక్కాను. ఏడ్చుకుంటూ పరిగెత్తుతుంది, పీడ విరగడవుతుంది అనుకున్నాను.

ఏడవలేదు. నేను కాలు తియ్యగానే చెప్పులు విప్పి పక్కపక్కన సర్ది పెట్టింది. గోడ వైపు తిరిగి రెండు చేతులూ గోడకి ఆనించి నిలబడింది. "అరవనులే" అంది. అలా నిలబడి ఎదురుచూసింది, నేను మొదలుపెట్టడానికి.

మోకాళ్ళ మీద కూలబడి ఆ తలకాయ లోపలే వాంతి చేసుకున్నాను. దెబ్బలేవీ పడకపోయేసరికి అది మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. చెప్పులు తొడుక్కుని, కుంటుకుంటూ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

చెప్పింది నువ్వే అయినా తొక్కింది నేను. నీమీదకి తోసెయ్యను. కానీ ఆ పిల్లని ఎవరో కొడుతున్నారు మామయ్యా, ఎవరో చెప్పు, నీకు తెలుస్తుంది. రాత్రంతా ఆ రెండు చెప్పులే కళ్ళముందు.

నీ మేనకోడలు

&nbsp;

జూలై 16

అమ్మడూ,

నిన్న ఉత్తరం డబ్బాలో వేసి హాయిగా పడుకున్నాను. ఈ పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. నేను కుడిచేత్తో గీస్తుంటే అద్దంలో ముసలాడు ఎడంచేత్తో గీసుకుంటున్నాడు. కత్తి అక్కడే దిగి చెంప తెగింది.

నలభై ఏళ్ళు కొత్తవాళ్ళకి ఎదురుగా నిలబడి ఫైట్లు నేర్పాను. మొదటిరోజు చెప్పే మొదటి మాటే అది. నేను కుడిచెయ్యి ఎత్తితే నన్ను చూసి మీరు ఎడంచెయ్యి ఎత్తుతారు, జాగ్రత్త అని. ఆ పిల్ల ఈ విద్య ఎదురుగా నిలబడి నేర్చుకుంది. కొట్టేవాళ్ళది ఎడంచెయ్యి కానే కాదు, కుడిచెయ్యి. అందరి చెయ్యీ అదే. అంటే నాకేమీ తెలీదు, తెలిసినట్టు రాసి పారేశాను.

పోస్టాఫీసుకి కుంటుకుంటూ పరిగెత్తాను, సంచి అప్పటికే వెళ్ళిపోయింది. మీ అత్త చేత హోటల్‌కి ఫోన్ చేయించాను, సీజన్లో స్టాఫ్‌కి ఫోన్లు ఇవ్వమని పెట్టేశారు. చెంప మీద రక్తం ఆగడం లేదు, ఈ కాగితం మీద పడింది కూడా అదే.

ఎవరినీ ముట్టుకోకు. ఆ నాన్న జోలికి పోకు. ఇది ముందు చేరాలి.

మామయ్య

&nbsp;

జూలై 20

మామయ్యకి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఎడంచెయ్యి ఉత్తరం నిన్న మధ్యాహ్నం, రక్తం మరకది ఈరోజు పొద్దున. జరగాల్సింది నిన్న సాయంత్రమే జరిగిపోయింది.

మొదటిది చదివి నేరుగా టేబుల్ టెన్నిస్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆడుతున్నాడు, ఎడంచేత్తో. బంతిని చంపేసేలా కొడుతున్నాడు. ఇంకేం కావాలి నాకు? సాయంత్రం దాకా పళ్ళు కొరుక్కుంటూ గడిపాను. ఎలుగుబంటి తొడుక్కుని పిల్లల మధ్యకి వెళ్ళాను. ఆయన మిరపకాయ రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. "తిన్నగా నిలబడు, ఫోటో!" అని గర్జించి ఎడంచెయ్యి పైకెత్తాడు. ఫోటో తీసేవాణ్ణి పిలవడానికి ఎత్తాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ జాలీలోంచి నాకు కనిపించింది పైకెత్తిన చెయ్యి ఒక్కటే.

తలకాయ రెండు చేతులతో పీకి, దాంతోనే ఆయన మొహం మీద కొట్టాను. ముక్కు విరిగిన చప్పుడు వినిపించింది. మళ్ళీ కొట్టాను. బల్ల మీద పడ్డాడు, గ్లాసులు పగిలాయి, ఆయన అరచెయ్యి చీరుకుపోయింది. బొచ్చంతా రక్తం. పిల్లలు గొంతులు చించుకుని ఏడుస్తున్నారు, తల ఊడిన ఎలుగుబంటిని చూసి. ఆయన నామీద చెయ్యెత్తలేదు. మొహం కప్పుకున్నాడు అంతే.

అప్పుడు మిరపకాయ నామీదకి దూకింది. "మా నాన్నని కొట్టకు" అని కేకలు పెడుతూ నా ముంజేయి కొరికింది, రక్కింది, తన్నింది, కళ్ళు మూసుకుని చేతులు గిరగిరా తిప్పింది. నువ్వు రాసిన పిల్లల కొట్టుడు, అచ్చంగా అదే. అంతలో తల్లి వచ్చింది. నేల మీద మొగుడి రక్తం తొక్కుకుంటూ వచ్చి పిల్ల కాలర్ సవరించింది. "ఇలా రా బంగారం" అంది. కుడిచెయ్యి పిల్ల మెడ వెనక్కి వెళ్ళింది. గోళ్ళు దిగడం నేను చూశాను. పిల్ల చేతులు రెండూ ఒక్కసారి కిందకి వాలిపోయాయి.

"నవ్వు, అందరూ చూస్తున్నారు" అంది తల్లి.

నన్ను సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. రాత్రి ఆయనే వచ్చాడు, ముక్కుకి కట్టు, చేతికి కుట్లు. ఆ గొంతు ఎక్కడికి పోయిందో, మాట పైకి రావడం లేదు.

"నేను దాని మీద ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు" అన్నాడు.

"మీకు తెలుసా, తెలీదా?" అన్నాను.

"హోటల్‌కి ఎందుకు తెస్తాననుకున్నావ్, ప్రతి సెలవులకీ? నలుగురిలో ఉంటే కొట్టదని."

"చెయ్యెత్తకపోవడం వేరు, చెయ్యి అడ్డుపెట్టకపోవడం వేరు" అన్నాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. ముక్కు విరగ్గొట్టించుకున్న మనిషికి సారీ చెప్పాలని నాకు తోచనే లేదు, ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

పొద్దున వచ్చిన పోలీసుకి అంతా చెప్పాను. రేపు పిల్లల విషయాలు చూసే ఆఫీసరమ్మ వస్తుందట. వాళ్ళు రేపు సాయంత్రమే గది ఖాళీ చేస్తున్నారు. అందుకని ఉన్నది ఆ ఒక్క పూటే.

నీ మేనకోడలు

&nbsp;

జూలై 22

మామయ్యకి,

నా ఉద్యోగం పోయింది, నామీద కేసు కూడా అయింది. ఒకటి కాదు, రెండు. అమ్మకి నువ్వే చెప్పు, నీ నోటితో పెట్టుకుని నేను ఇరుక్కున్నాను కాబట్టి ఆ మాత్రం నువ్వు పడాలి. పిల్ల సంగతి చివర్లో రాశాను. ముందు అది చదవడానికి పేజీలు తిప్పకు, వరసలో రా.

నిన్న పిల్లల ఆటగదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఉన్నవన్నీ చిన్న కుర్చీలే. ఆఫీసరమ్మ, పిల్ల నాన్న, మా టీమ్ లీడర్, నేను, అందరం మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. తల్లిని బయట ఉండమన్నారు. ఆవిడ అద్దం తలుపు అవతలే నిలబడింది.

లోపలికి రాబోతుంటే టీమ్ లీడర్ నా చెవిలో ఊదాడు. "తలకాయ జారి ఆయన మీద పడిందను. ఆయన కేసు వెనక్కి తీసుకుంటానన్నాడు. పిల్ల ఊసెత్తకు. వచ్చే సీజన్‌కి మళ్ళీ నిన్నే పిలుస్తాం." నేను విననట్టే వెళ్ళి పిల్లకి ఎదురుగా కూర్చున్నాను.

మిరపకాయ నన్ను చాలాసేపు చూసింది.

"ఎలుగుబంటి లోపల నువ్వున్నావా?"

"ఊఁ."

"మొదట్నించీ?"

"మొదట్నించీ నేనే."

తన చేతులకేసి చూసుకుని, రెండూ తొడల కింద పెట్టేసుకుంది.

ఆఫీసరమ్మ మంచి మనిషి, తొందరపెట్టలేదు. బొమ్మలు ఇచ్చింది, రంగులు ఇచ్చింది, ఏ ఆటలంటే ఇష్టమని అడిగింది. ఆఖర్న "నిన్ను ఎవరైనా కొడతారా అమ్మా?" అంది. పిల్ల అద్దం వైపు చూసింది. అవతల తల్లి నవ్వుతూ చెయ్యి ఊపింది. పిల్ల కూడా నవ్వి, తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగితే మళ్ళీ అలాగే. ఒంటి మీద చూడబోతే గౌను గట్టిగా పట్టుకుని వదల్లేదు. నాన్నని అడిగారు. ఆయన నేలకేసి చూస్తూ "పిల్ల ఏం చెబితే అదే" అన్నాడు. ఆ ముక్కు మళ్ళీ పగలగొట్టాలనిపించింది మామయ్యా, నా చేతులు నేనే పట్టుకున్నాను.

"పిల్లే ఏమీ లేదంటుంటే నేను ఆపలేను" అని ఆఫీసరమ్మ పెన్ను మూసింది. బయట వాళ్ళ సామాను బండికెక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేను కొట్టాను" అన్నాను.

"ఆయన్నే కదా, ఆ కేసు వేరు."

"ఆయన్ని కాదు. ఈ పిల్లని. స్తంభం వెనక కాలు తొక్కాను."

"పొరపాటున తొక్కి ఉంటావు."

"కావాలనే తొక్కాను. నొప్పి పుట్టాలని తొక్కాను. పుట్టాక ఇంకా నొక్కాను. కాలిగోరు చూడండి."

టీమ్ లీడర్ లేచి "ఈ అమ్మాయికి మొన్నటి నుంచి మతి సరిగా లేదండీ" అన్నాడు. ఆఫీసరమ్మ ఆయన్ని కూర్చోమని, వంగి పిల్ల చెప్పు తీసి చూసింది. బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది.

"చిన్నపిల్ల మీద ఇది చేశావంటే ఇక పిల్లల దగ్గర పని ఎక్కడా దొరకదు నీకు. తెలిసే చెబుతున్నావా?" అంది నాతో.

"తెలిసే చెబుతున్నాను."

"సరే" అని పెన్ను తెరిచి రాసుకుంది.

పిల్ల నా మొహం వైపే చూస్తోంది. చెప్పేశాను కదా, ఇప్పుడు నన్నేం చేస్తారోనని చూస్తోంది. ఎవరూ లేవలేదు. ఎవరూ నన్ను గోడ దగ్గర నిలబడమనలేదు. ఆఫీసరమ్మ రాయడం ముగించి, నాకు ఒక గ్లాసు నీళ్ళిచ్చి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది, అంతే.

"అమ్మ కూడా" అంది పిల్ల.

ఆఫీసరమ్మ లేచి అద్దం తలుపుకి తెర లాగింది. తిరిగి వచ్చి ఆ చిన్న కుర్చీని పిల్ల పక్కకి జరుపుకుని కూర్చుంది.

నీ మేనకోడలు